సర్కారువారి మందుబడి

విద్యాశాఖను ఇన్నాళ్లూ అనవసరంగా ఆడిపోసుకున్నాం. 2020 మే మొదట్లో, కరోనా లాక్‌డౌన్‌తో నెలన్నరగా బళ్లు మూతపడ్డాయి, పదో తరగతి పరీక్షలు ఎప్పుడో తెలీదు, పిల్లలు అక్షరమ్ముక్క మర్చిపోతున్నారని మనం బెంగపెట్టుకుని కూర్చుంటే, అప్పటి విశాఖ జిల్లాలో చడీచప్పుడూ లేకుండా కొత్త బడే తెరిచేశారు. అనకాపల్లిలో మద్యం దుకాణాల ముందు మాస్టార్లు మాస్కులు కట్టుకుని టోకెన్లు పంచుతున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

ఇంత చక్కటి బడి రాష్ట్రంలో ఇంకోటి లేదు. హాజరు నూటికి నూరు. మధ్యలో మానేసేవాళ్లు సున్నా. పదకొండింటికి తలుపు తీస్తే తెల్లారకముందే వరసలో చెప్పులు, సంచులు పెట్టేసి ఉండేవి. పిల్లల్ని బడికి పంపినందుకు తల్లులకు అప్పట్లో ఇచ్చిన అమ్మఒడి డబ్బులు వెయ్యక్కర్లేకపోయింది, ఇక్కడ విద్యార్థే ఎదురు కట్టి పోయేవాడు. తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి పదిసార్లు కబురు పెట్టినా మొహం చూపించని నాన్నలందరూ ఎర్రటి ఎండలో గంటల తరబడి నిలబడ్డారు. తల్లులు రాలేదు. వాళ్లకు ఈ బడి గురించి ముందే తెలుసు.

మీడియం గొడవా లేదు. సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టమన్న జీవోలను హైకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది గానీ, ఈ బడి పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియమే. ఫుల్, హాఫ్, క్వార్టర్. భిన్నాలు చెప్పడానికి సుద్దముక్క అరగదియ్యక్కర్లేదు. సుద్దకు వేరే పనుంది, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండేలా నేల మీద వృత్తాలు గియ్యాలి. శాతాల లెక్కే కొంచెం చిక్కు. సోమవారం మద్యం ధర పాతిక శాతం పెంచారు, మంగళవారం ఇంకో యాభై. నూరు రూపాయల సీసా ఎంతయింది? నూట ఎనభై ఏడున్నర అన్నవాడికి మార్కులు పోయాయి. రెండు పెంపులూ పాత ధర మీదే, కాబట్టి నూట డెబ్బై అయిదని సర్కారువారి కీ. మాస్టారికి మాత్రం ఏ లెక్కయినా హాఫ్ దగ్గరే ఆగేది. ఆయన జీతంలో సగం వాయిదా పడి అప్పటికి రెండో నెల.

ఇక వృత్తిధర్మం. 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) బడిపంతుళ్లకు ఒక నియమావళి రాసి పెట్టింది. అందరినీ సమానంగా చూడాలి, పక్షపాతం కూడదు అంటుంది అది. ఆ నియమానికి అసలు పరీక్ష ఇక్కడ ఎలా ఎదురవుతుందో ఊహించుకోండి.

“నమస్కారం మాస్టారూ. నన్ను గురుతుపట్టారా? మీ కాడే ఏడో తరగతి సదివినాను.”

“నువ్వట్రా! ఏం చేస్తున్నావిప్పుడు?”

“కూలి పనేనండి. లాక్‌డౌన్ పెట్టిన కాణ్ణించి అదీ లేదు. కాస్త ముందు నంబరు టోకెను ఇప్పించండి బాబూ.”

“తప్పురా. వరసలో రా.”

నియమావళి నెగ్గింది. వాడు చేతులు కట్టుకుని వెనక్కి వెళ్లి తన వృత్తంలో నిలబడ్డాడు. మాస్టారు నేర్పిన క్రమశిక్షణ ఎక్కడికి పోతుంది?

ఇలా చేయించడం చట్టవిరుద్ధం కదా అని కొందరు విద్యాహక్కు చట్టం పట్టుకొచ్చారు. అందులో 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుతో సంబంధం లేని పని టీచర్లకు చెప్పకూడదు. ఇందులో అతిక్రమణ ఎక్కడుందండీ? ఇది విపత్తు సహాయమే. విపత్తు ఖజానాది, సహాయం మాస్టారిది.

దశలవారీగా మద్యం మాన్పిస్తామని, ధర పెంచిందీ అందుకేనని చెప్పిన ప్రభుత్వమది. మాన్పించడానికి ఇంతమంది చేత వరస కట్టించాలా?

ఇదే రాష్ట్రంలో 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో పెద్దవాళ్లకు చదువు చెప్పారు. పలక పట్టిన ఆడవాళ్లు తాగుబోతు మొగుడి కథ పాఠంగా చదువుకుని, అది తమ కథేనని గుర్తుపట్టారు. దూబగుంట ఊళ్లో రోశమ్మ అనే ఆవిడతో కలిసి సారా కొట్టు మూయించారు. ఆ మంట జిల్లా దాటి 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. చదువు చెబితే సారా కొట్లు మూతపడ్డ నేల మీద, చదువు చెప్పేవాణ్ణి తీసుకెళ్లి కొట్టు ముందు కాపలా పెట్టారు!

గౌరవం దెబ్బతిందని ఉపాధ్యాయ సంఘాలు అన్నాయి. నిజమే గానీ నా కోపం దానికి కాదు. ఎండలో లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులుకు మాత్రం గౌరవం లేదా? పనుల్లేని రోజుల్లో ఓ ఇంట్లో మిగిలిన ఆఖరి అయిదొందలు సీసాకు పోతుంటే, తోపులాట లేకుండా పద్ధతిగా పోయేలా చూసే పని, ఆ ఇంటి పిల్లకు ఎక్కాలు నేర్పే మనిషికే అప్పజెప్పారు. బడి తెరిచాక ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని ఈయన మొహం చూడాలి. ఈయన ఆ పిల్ల మొహం చూడాలి.

ఈ డ్యూటీ వేసింది ఎవరో చెప్పండి. రెవెన్యూ వారా, ఎక్సైజు వారా, విద్యాశాఖ వారా? పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన టీచరుకు మెమో ఇస్తారే, ఈ డ్యూటీ వేసినవాళ్లకు ఇచ్చేదెవరు?