గ్యారేజీకి నో ఎంట్రీ

గేమ్ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని నింటెండో గడప దాటించడం మరో ఎత్తు. వీ కన్సోల్ రోజుల్లో డెవలపర్‌గా దరఖాస్తు పెట్టాలంటే ఇంటికి వేరుగా, భద్రమైన ఆఫీసు ఒకటి చూపించాలి. వెనక గదిలో లుంగీ కట్టుకుని కోడ్ రాస్తానంటే కుదరదు. ఆఫీసు అద్దెకి గేమ్ అమ్ముడవ్వాలి, గేమ్ అమ్మడానికి ఆఫీసు ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! గ్యారేజీ డెవలపర్లతో వ్యాపారం చేసే ఉద్దేశం లేదని 2011లో అమెరికా విభాగం పెద్దాయన బాహాటంగానే సెలవిచ్చారు.

పోనీ పేరూ డబ్బూ ఉన్నవాడికైనా గండం గడిచిందా? 2012లో ‘ది బైండింగ్ ఆఫ్ ఐజాక్’ అనే గేమ్‌ని నింటెండో తన చేతి కన్సోల్ 3డీఎస్ మీదికి రానివ్వలేదు. దేవుడి గొంతు విని కన్నకొడుకునే బలివ్వబోయే తల్లి, నేలమాళిగలోకి దూకి కన్నీళ్లనే తూటాలుగా విసిరే పిల్లాడు. అదీ కథ. మతపరంగా అభ్యంతరకరమట. 1889లో క్యోటోలో పేకముక్కలతో దుకాణం తెరిచి, జూదగాళ్ల చలవతో నిలదొక్కుకున్న సంస్థకి ఎంత పాపభీతి!

2015లో అదే కథ కొత్త హంగులతో ‘న్యూ 3డీఎస్’ మీదికి దర్జాగా వచ్చేసింది. ఆ తల్లీ ఉంది, ఆ గొంతూ ఉంది. మతానికొచ్చిన ముప్పు మాత్రం మూడేళ్లలో ఎటో జారుకుంది. మెషీన్ పేరుకి ముందు ‘న్యూ’ తగిలించారుగా, శాంతి హోమం కూడా అందులోనే అయిపోయి ఉంటుంది.