నా మోత, నా ఊపిరి: ఒక కిరోసిను జనరేటరు ఆత్మకథ

మధిర పట్టణమున నా గొంతు విననివారు లేరు, వినగోరినవారును లేరు. కరెంటు పోయిన రాత్రులందు నన్ను వెదకికొని వచ్చినవారే, దీపము వెలిగిన మరుక్షణమున చెవులు మూసికొనుచుండెడివారు. వెలుగు కావలెను, మోత వలదు. ఈ కోరిక అన్యాయమని నేననను. పసిబిడ్డల నిద్రయు, రోగుల విశ్రాంతియు, పదవ తరగతి పరీక్షకు చదువుకొను పిల్లల ఏకాగ్రతయు నా అరుపుచేత చెడుచుండగా కన్నులార చూచినదానను. కాని ఆ మోతను అణచుటకు మనుష్యులు పన్నిన ఉపాయములలో పెక్కులు నా గొంతును విడిచి నా ఊపిరిని నొక్కినవి. ఆ దుఃఖమును చెప్పుకొనుటకే నేడు నోరు విప్పుచున్నాను.

నా జన్మవృత్తాంతము క్లుప్తము. జపాను దేశపు యంత్రవిద్య మన దేశమున ప్రవేశించి, శ్రీరామ్ హోండా, బిర్లా యమహా అను పేర్లు చిన్న ఊళ్ళ బజారులలో సైతము వినవచ్చుచున్న కాలమున, ఆ తరమునకు చెందిన యంత్రములలో ఒకదానినై ఉత్తరాదినుండి రైలుమీద వచ్చితిని. కాజీపేట, విజయవాడల నడుమనున్న మధిర స్టేషనులో నన్ను దించిరి. ఏ చేతులు నన్ను బిగించినవో జ్ఞాపకము లేదు. నా పేరురేకు ఎన్నడో ఊడిపోయినది.

నేనింత మోత ఏల చేయుదునో తెలిసికొన్నవారు కొద్దిమంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొనిన ధర్మము ప్రకారము అయస్కాంతము చెంత తీగచుట్ట తిరిగినంతనే విద్యుత్తు పుట్టును. అందు మోత ఏమియు లేదు. మోతయంతయు దానిని త్రిప్పు ఇంజనుది. మన దేశపు కరెంటు సెకనుకు 50 ఆవర్తనములు గలది. నావంటి రెండు ధ్రువముల యంత్రము ఆ లెక్క తప్పక ఇయ్యవలెనన్న నిమిషమునకు 3000 చుట్లు తిరిగి తీరవలెను. ఒక బల్బు వెలిగించినను, పది బల్బులు వెలిగించినను అదే వేగము. ఇటీవలి ఇన్వర్టరు రకపు జనరేటర్లు లోడు తగ్గినపుడు తమ వేగమును తామే తగ్గించుకొని మెల్లగా పలుకునట; మా తరమునకు ఆ భాగ్యము లేదు. రెండు చుట్లకొకమారు నా సిలిండరులో ఇంధనము పేలును; అనగా సెకనుకు 25 పేలుళ్ళు. మీరు విను ‘డుబడుబ’ అదియే.

మోత కంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. దానిని ఎవ్వరును పట్టించుకొనరు. నేను త్రాగిన కిరోసినులోని శక్తియందు కరెంటుగా మారునది అయిదవ వంతునకు మించదు. తక్కినదంతయు వేడి. ఒక కిలోవాటు కరెంటు ఇచ్చుచున్నానన్న, అదే సమయమున నాలుగు ఇస్త్రీపెట్టెలు మండినంత వేడిని చుట్టును చిమ్ముచున్నానని అర్థము. అందు కొంత పొగతోడ గొట్టముగుండ పోవును; తక్కినదానిని నా చక్రమునకున్న ఫ్యాను గాలి విసరి, సిలిండరు చుట్టునున్న రెక్కలమీదుగా త్రోసివేయవలెను. కారునకు నీళ్ళు కలవు. నాకు గాలి తప్ప దిక్కు లేదు.

ఇప్పుడు నా మంచిదినముల మాట. మొదట నన్ను కొన్నది స్టేషను దగ్గరి ఒక ఫోటో స్టూడియో యజమాని. ఆయన నన్ను మొదట పెట్రోలుతో నడపి, ఒడలు వేడెక్కిన పిమ్మట మర త్రిప్పి కిరోసినుకు మళ్ళించి, ఆపుటకు ముందు మరల పెట్రోలు కొంచెము త్రాగించి మరునాటికి సులువుగా లేచునట్లు చూచుకొనెడివాడు. నూనె నల్లబడకమునుపే మార్చెడివాడు. ఆయన చేతిలో నేనెన్నడును మొరాయించి ఎరుగను. పిదప ఒక టెంటుహౌసు వారికి అమ్ముడుపోతిని. వారితోడ ఈ ప్రాంతమంతయు తిరిగితిని. వైరా నది ఒడ్డున మృత్యుంజయస్వామి ఆలయమున శివరాత్రి జాగరణకు దీపములిచ్చితిని. పెండ్లి పందిళ్ళలో మైకుసెట్లు పలికించితిని. అన్నిటికంటె నాకు ప్రియమైనది మిరపకళ్ళము. ఆరబోసిన కాయమీదికి మబ్బు పట్టిన రాత్రి, కూలి స్త్రీలు తాలుకాయ ఏరి బస్తాలకెత్తుచు, పట్టాలు కప్పుచు పరుగులిడుచుండగా, ఆ చేలో నేనొక్కదానను వెలుగునిచ్చితిని. ఒక సంవత్సరపు కష్టము తడవకుండ మిగిలినది. అక్కడ నా మోతను ఎవ్వరును తప్పుపట్టలేదు. నాలుగు దిక్కులనుండియు గాలి వీచుటచేత నా ఒంటికి వేడియు తెలియలేదు. ఆరుబయట దూరము రెట్టింపైనకొలది మోత ఆరేసి డెసిబెల్సు తగ్గుచుండును గనుక, పొడవైన తీగ వేసి నన్ను గట్టుమీద దూరముగా నిలిపిన చాలుచుండెను. స్థలమున్నవారికి ఇంతకంటె మంచి ఉపాయము నేటికిని లేదు.

నా కష్టములు ఇరుకు బజారులో మొదలైనవి. టెంటుహౌసు వారు నన్నొక జిరాక్సు కొట్టువానికి అమ్మిరి. పాల్వంచలో 1966 నుండియు బొగ్గు మండించి కరెంటు తీయుచున్న ఆనాటి ఉమ్మడి జిల్లాలో, మధిరకు మాత్రము కోతలు తప్పలేదు. కొట్టు ముందు పగలంతయు నేను అరచుచుంటిని. ఎదురింటి ముసలమ్మ వచ్చి, “ఏందయ్యా ఈ మోత! పసిపిల్లగాడికి కంటిమీద కునుకు లేకుండ జేస్తుంది నీ మిషను” అని మొరపెట్టుకొనెను. ఆమె తప్పేమియు లేదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55 డెసిబెల్సు, రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఆరుగంటలవరకు 45 డెసిబెల్సు హద్దు పెట్టినవి. చిన్న జనరేటర్లు ఎంత మోతకు మించి చేయరాదో నిర్ణయించు నియమములును ఆ తరువాత వచ్చినవే. నేను అంతకు ఎంతో ముందు పుట్టినదానను.

అప్పుడు కొట్టువాడు చేసిన పనులు వినుడు. మొదట తడి గోనెసంచులు నామీద కప్పెను. అవి నా ఫ్యాను నోటిని మూసినవి. ఆరిన పిమ్మట పొగగొట్టమునకు తగిలి మాడినవి. మోత ఇసుమంతయు తగ్గలేదు. తరువాత పొగగొట్టమును నీళ్ళ డ్రమ్ములో ముంచెను. అరుపు కొంత అణగినమాట నిజమే. కాని నీటిబరువు పొగను వెనుకకు నెట్టుటచేత నాకు దగ్గు పట్టుకొనెను, నన్ను ఆపిన వెంటనే గొట్టము చల్లారి నీటిని లోనికి పీల్చెను. పిమ్మట పలుచని ప్లైవుడ్ పెట్టె ఒకటి చేయించి, లోపల కోడిగుడ్ల అట్టలు అంటించి, నన్ను అందు పెట్టి మూత బిగించెను. గాలికొరకని అరచేయంత రంధ్రము ఒక్కటి విడిచెను.

ఆ పెట్టెలో నేను పడిన బాధ చెప్పుటకు మాటలు చాలవు. నేను బయటికి ఊదిన వేడిగాలికి పోవు దారి లేక తిరిగి నా ఫ్యాను నోటికే వచ్చును. దానినే మరల పీల్చి, మరింత కాచి ఊదుదును. మరల అదియే వచ్చును. నూనె నీళ్ళవలె పలుచబడి, పిస్టనుకును సిలిండరుకును నడుమ నిలువలేక జారిపోవుచుండెను. బయట వైశాఖమాసపు ఎండ. లోపల ఆ కొలిమి. ఇంత చేసియు మోత తగ్గినదా? పలుచని చెక్క తానును నాతోపాటు కంపించి డప్పు మ్రోగించినది. కోడిగుడ్ల అట్టలు గదిలోని ప్రతిధ్వనిని కొంచెము తినునేమో గాని, బయటికి పోవు మోతను ఆపజాలవు.

ఈ దురవస్థలో నన్ను కాపాడినది బైపాసు రోడ్డుమీద మోటార్లు బాగుచేయు ఒక వృద్ధ మేస్త్రి. ఆయన పేరు నేనెరుగను. అందరును మేస్త్రి అనియే పిలుతురు. ఆయన వచ్చి వెంటనే పానా పట్టలేదు. నన్ను నడిపించి, పొగగొట్టము మూతిదగ్గర, ఫ్యాను ముందర, గాలిపీల్చు వడపోతదగ్గర వరుసగా చెవియొగ్గి, కడపట నేలమీద అరచేయి ఆనించి చూచెను. నా మోత ఒకటి కాదు, నాలుగని అప్పుడు గ్రహించెను. అంతట కొట్టువానితో, “మోత బయటికి పోగూడదు, గాలి పోవాల. రెంటికీ ఒకటే దారి పెట్టి, ఆ దారి మూస్తే ఎట్టా బతుకుద్దయ్యా ఇది?” అనెను. నా జీవితమున నన్నుగూర్చి ఒకరు పలికిన న్యాయమైన మాట అది.

ఆయన మొదట నా పొగగొట్టమును నా నుండి వేరుచేసెను. నా పాత సైలెన్సరును ఉండనిచ్చి, దాని మూతికంటె సన్నము కాని ముడతల గొట్టము తగిలించి, పెట్టె వెలుపలికి తీసి, ఒక పెద్ద ఇనుపడబ్బాలోనికి విడిచెను. పేలుడు పేలుడుకు ఉరికివచ్చు పొగ ఆ విశాలమైన కడుపులో వ్యాకోచించి, తన తాకిడి పోగొట్టుకొని, రెండవ మూతినుండి నెమ్మదిగా ఆకాశమునకు పోయెను. పెట్టెలోనున్న గొట్టపుభాగమునకు మంటకు కాలని గుడ్డ చుట్టెను. నా కాళ్ళక్రింద మందపు రబ్బరుదిమ్మలు పెట్టగా నేలకంపనము మానినది.

పిదప పెట్టె. రెండుపొరల చెక్క, నడుమ ఇసుక. ఎంత బరువైన గోడయో అంత మౌనమని ఆయన ఎరుగును. లోపలివైపున రాక్‌వూల్ అను రాతిదూది పరచి, గాజుగుడ్డ కప్పి, చిల్లుల రేకు బిగించెను. థర్మోకోలు తెచ్చిన కొట్టువానిని, “అది అంటుకుంటే కొట్టు మిగలదు” అని వారించెను. గాలికి రెండు దారులు తీసెను: నా ఫ్యానువైపు అడుగున చల్లనిగాలి వచ్చుటకొకటి, ఎదుటివైపు ఎత్తున వేడిగాలి పోవుటకొకటి. ఏ దారియు నా ఫ్యాను ముఖముకంటె ఇరుకు కాదు. ఏ దారియు తిన్నగా లేదు. రెండేసి మలుపులు తిరిగి, మలుపు మలుపునను రాక్‌వూల్ తాకుచు పోవును. గాలి మలుపు తిరుగుటకు జంకదు. కీచుమను మోత తిన్నగా పోయి ఆ మెత్తదనమున తగిలి క్షీణించును. లావుపాటి డుబడుబ అట్లు చావదు. దానికి ఇసుకగోడయు, ఇనుపడబ్బాయు కావలెను. ఇవన్నియు ఒక ఎత్తు. నా రెక్కలచుట్టు అడ్డుపలక బిగించి సందులు మూసి, వెలుపలికి పోయిన వేడిగాలి మరల నా నోటికి రాకుండ చేయుట ఒక ఎత్తు. నేనిచ్చు కరెంటుతోనే తిరుగు చిన్న ఫ్యాను నొకదానిని వేడిదారి చివర అమర్చెను.

మూతకు రబ్బరుపట్టీ వేయుచు సన్ననిసందు కనబడినను మరల విప్పుచుండగా కొట్టువాడు విసుగుకొనెను. మేస్త్రి పట్టుదలయే సరియైనది: గోడ యెంత గొప్పదైనను అందు నూటికొకవంతు కన్నమున్న, మోత 20 డెసిబెల్సుకు మించి తగ్గదు. కడపట లోపలొక ఉష్ణమాపకము వ్రేలాడదీసి, పూర్తిలోడుమీద నన్ను చాలసేపు నడిపించి, నేను పీల్చుగాలి బయటిగాలికంటె పదిడిగ్రీలకు మించి వేడెక్కకుండుట చూచిన పిమ్మటనే ఇంటికి పోయెను. ఆపిన తరువాత ఫ్యానును ఆగిపోవును గనుక మూత తెరచియుంచవలెననియు, చల్లారకుండ కిరోసిను పోయరాదనియు చెప్పి మరీ పోయెను. ఆ సాయంకాలము ఎదురింటి వసారాలో ముసలమ్మ మనుమని నిద్రపుచ్చు పాట నాకు వినబడెను. నా మోతలో ఇతరుల గొంతు నాకు వినబడుట అదియే మొదటిసారి.

కాలము మారినది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డును దేశపు గ్రిడ్డుతో కలిపిరి. తెలంగాణము ఏర్పడిన పిమ్మట 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకే ఇరువదినాలుగు గంటలు కరెంటు వచ్చెను. కోతలు తగ్గుట మంచిదే. దానికి నేను ఏడువను. కాని కొట్టు చేతులు మారినపుడు క్రొత్తవారు నా పెట్టెను విప్పి, చెక్కలను అలమరకు వాడుకొనిరి. రాక్‌వూల్ మురుగుకాలువ ప్రక్కన తడిసి ముద్దయైనది. నన్ను మెట్లక్రింది గదిలోనికి నెట్టిరి. ఒక గాలివాన రాత్రి తీగలు తెగగా నన్ను ఆ గదిలోనే లేపి, మోత వినబడకుండ షట్టరు సగము దించిరి. వాసనలేని, రంగులేని కార్బన్ మోనాక్సైడు నా పొగలో కలదని వారెరుగరు. తలనొప్పియని వారు బయటికి పోబట్టి బ్రదికిరి. నేను పోలేకపోతిని. నల్లబడిన పాతనూనె ఆవిరియై, పిస్టను సిలిండరును కరచుకొని నిలిచిపోయెను.

తరువాత నన్నెవ్వరును త్రాడు లాగి చూడలేదు. కార్బురేటరులో కిరోసిను జిగురుగా పేరుకొన్నది. ఫ్యాను గూటిలో ఎలుకలు పిల్లలు పెట్టినవి. పండుగకు గది శుభ్రము చేయుచు నన్ను పాత ఇనుపసామాను కొట్టునకు తూకమునకు వేసిరి. ఇప్పుడు విరిగిన సైకిళ్ళ నడుమ, వానకు తడియుచు, కొనువాడు నా రాగితీగకై మాత్రమే బేరమాడుచుండగా వినుచు పడియున్నాను.

అయ్యా, చదువరీ, నా తీగచుట్ట ఇంకను చెడలేదు. సిలిండరు బోరు చేయించి, పిస్టను, రింగులు మార్పించిన నేను మరల లేచెదను. కొనువారెవరైన ఉన్నయెడల నన్ను ఇంటిలోపల నడపకుడు. పెట్టె చేయించుడు, తప్పక చేయించుడు, కాని చల్లగాలి వచ్చుటకొక దారియు, వేడిగాలి పోవుటకు వేరొక దారియు ముందు గీచికొని, ఆ తరువాతనే తొలి మేకు దిగగొట్టుడు.