నా గుండెల మీద కుంపటి

పెళ్ళి కావాల్సిన ఆడపిల్లని గుండెల మీద కుంపటి అనడం మీ వాళ్ళకి అలవాటట. ఆ మాట పుట్టించినవాళ్ళు కుంపటిని ఒక్క పూటైనా గుండెల మీద పెట్టుకుని చూసి ఉండరు. నేను రాత్రీ పగలూ మోస్తున్నాను. ఖాళీగా ఉన్నప్పుడే 73 కిలోలు. ఆకుపచ్చ రంగు, కోడిగుడ్డు ఆకారం, నెత్తిన ఇనుప టోపీ. అమెరికాలో అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ అనే ఊళ్ళో, ఒక తెలుగువాళ్ళ ఇంటి పెరట్లో ఉంటాం మేమిద్దరం. వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆ ఫొటోల్లో నేను నడుము దాకానే కనిపిస్తాను.

దాని గొప్పలు కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే కుళ్ళు అంటారు. జపాన్‌లో అన్నం వండుకునే మట్టి పొయ్యిది దాని వంశం. పొయ్యిని వాళ్ళు కమాడో అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికులు ఆ పొయ్యిల్ని ముచ్చటపడి ఇళ్ళకు తెచ్చుకున్నారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో మట్టివి పగిలిపోయేవి, తర్వాత సెరామిక్‌వి వచ్చాయి. మందపాటి గోడ వేడిని బయటికి పోనివ్వదు. కింద ఒక గాలి తలుపు, పైన ఒకటి. ఈ రెంటినీ కొంచెం కొంచెం జరుపుతూ ఉంటే, ఒక్కసారి పోసిన కట్టెబొగ్గుతో 107 డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు నిలకడగా మాంసం మగ్గుతుంది. తలుపులు బార్లా తెరిస్తే 350 డిగ్రీలు దాటి పిజ్జా కాలుతుంది. ఒప్పుకున్నాను, గొప్పదే. కానీ దానికి కాళ్ళు లేవు.

నా పుట్టుక అంత చరిత్రకెక్కేది కాదు. అమెరికాలో తయారయ్యే ఉక్కులో నూటికి డెబ్బై పాళ్ళు పాత ఇనుమును కరెంటు కొలిమిలో కరిగించిందే. కాబట్టి నేను పోయిన జన్మలో ఏ కారు తలుపునో, బట్టలుతికే మిషన్‌నో అయి ఉండాలి. కరిగించి, రేకుగా సాగదీసి, ఆ రేకును గుండ్రంగా చుట్టి, అంచులు అతికి, చివర్న నలుపక్కలా నొక్కి చదరం చేశారు. రెండంగుళాల స్క్వేర్ పైపు, మందం ఒక నూలు. లోపలి వైపు వేలు పెడితే ఆ అతుకు సన్నటి కట్టలా ఇప్పటికీ తగులుతుంది. ఇరవై అడుగుల పైపులు మూడు. అవి కార్లో పట్టవని యార్డులోనే సగానికి కోయించి తెచ్చాడు అబ్బాయి.

అబ్బాయంటే ఇంటి యజమాని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు ఒంగోలు పక్కన. అంతకు ముందు ఆ గుడ్డును చెక్క బల్ల మీద పెట్టాడు, మధ్యలో రాయి గానీ గాలి ఆడే సందు గానీ లేకుండా. ఒక ఆదివారం రాత్రి ఇంటావిడకి కాలిన వాసన వచ్చి బయటికి వస్తే, బల్ల అడుగున పళ్ళెమంత నల్లమచ్చ. మంట అంటుకోలేదు, అదృష్టం. మర్నాడు తండ్రికి ఫోన్ చేశాడు.

"గ్రిల్లుకి ఇనప టేబుల్ చేద్దామనుకుంటున్నా నాన్నా."

"గ్రిల్లు కిటికీకి కదరా బిగించేది, టేబులెందుకు?"

ఆయన తప్పేమీ లేదు. నలభై ఏళ్ళు ఒంగోల్లో వెల్డింగ్ షాపు నడిపిన మనిషి. గ్రిల్లంటే ఆయనకు కిటికీ, గేటంటే అన్నం. కొడుకు ఆ షాపు వైపు రాకూడదనే చదివించాడు. ఆ కొడుకు ఇప్పుడు ఏడు సముద్రాల అవతల గరాజ్‌లో వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకుంటున్నాడని తెలిసి ఏమనుకున్నాడో నాకు తెలియదు. మార్చి నెలాఖరులో, పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా పసుపు చల్లినట్టు పడుతున్న రోజుల్లో, ఆయన ఆరు నెలలు ఉండటానికి దిగాడు. అప్పటికి నేను సగం పుట్టి ఉన్నాను. అవిటిగా పుట్టాను.

ఎక్కడ చెడిందో చెబుతాను. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ తన వైపుకి లాగుతుంది. అబ్బాయి ఒక మూల మొదలుపెట్టి, ఆ పక్కది, దాని పక్కది అని వరసగా కుట్టుకుంటూ పోయాడు. మొత్తం అయ్యాక రసమట్టం పెట్టి చూసి, బుడగ మధ్యలో నిలిచిందని మురిసిపోయాడు. గరాజ్ నేల నీళ్ళు బయటికి పోవడానికి తలుపు వైపు వాలుగా పోస్తారన్న సంగతి గుర్తులేదు. వాలు నేల మీద వంకర బల్ల, బుడగ మాత్రం మధ్యలో!

పెద్దాయన ఏమీ అనలేదు. ఒక మూల అరచెయ్యి పెట్టి నొక్కాడు. టక్. తీశాడు. టక్. మళ్ళీ నొక్కాడు. అబ్బాయి లోపలికెళ్ళి కాఫీ తెచ్చుకున్నాడు.

రెండో రోజు కోడలిని అడిగి కుట్టుమిషన్ దారపు ఉండ తీసుకున్నాడు. నా పైఫ్రేమును బల్లపీటలెక్కించి, ఈ మూల నుంచి ఆ మూలకి ఒక దారం, మిగిలిన రెండు మూలలకి ఇంకో దారం బిగించి కట్టాడు. ఫ్రేము చదునుగా ఉంటే రెండు దారాలూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు పోవాలి. నా దారాల మధ్య ఆయన చిటికెన వేలి కొన దూరింది. వేలు అక్కడే ఉంచి కొడుకుని పిలిచాడు.

"ఎంత సందు ఉందిరా?"

"రెండు నూళ్ళు ఉంటుంది నాన్నా."

"గుడ్డు ఎంత బరువన్నావు?"

అబ్బాయి గ్రైండర్ తీసుకున్నాడు. రెండు అతుకులు కోశారు. కోసినప్పుడు నొప్పి పుట్టలేదు. లోపల బిగబట్టుకుని ఉన్నదేదో వదిలినట్టయి, ఆ మూల తనంతట తానే జరిగింది. ఈసారి అన్ని మూలలకీ ముందు బొట్టు బొట్టుగా టాకులు మాత్రం కొట్టారు. మూల నుంచి మూలకి రెండు వైపులా టేపుతో కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యాకే ఎదురెదురు మూలలు మార్చి మార్చి, అంగుళం అంగుళం అతికారు. పెద్దాయన జీవితమంతా రాడ్డుతోనే అతికినవాడు. ట్రిగ్గర్ నొక్కితే తీగ తనే వచ్చే ఈ యంత్రాన్ని చూసి "కుట్టుమిషనే" అన్నాడు. ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయింది తనంతట తానే నల్లబడే ముసుగు అద్దానికి. కుర్రతనంలో చేత్తో అద్దం పట్టుకుని పనిచేసి, రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టయి నిద్ర లేకుండా కూర్చున్న రోజులు చెప్పాడు. ఆ కబుర్లు కొడుకు అంతకు ముందు విన్నట్టు లేడు.

నా కాళ్ళ కింద చక్రాల దగ్గర ఇంకో పేచీ. చక్రాల పళ్ళేలకి జింకు పూత ఉంది. అబ్బాయి వాటిని నేరుగా అతకబోతే పెద్దాయన చెయ్యి పట్టి ఆపాడు: "ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం." అందుకే నా చక్రాలు బోల్టులతో ఉన్నాయి. ఎంత బరువాపే చక్రాలు కొనాలన్న లెక్క మాత్రం ఇద్దరికీ సరదాగా సాగింది. గుడ్డు 73, నేను అరవై, పైన రాయి యాభై, గిన్నెలూ బొగ్గూ కలిపితే రెండు క్వింటాళ్ళ చిల్లర. దాన్ని నాలుగుతో భాగించాడు కొడుకు. "మూడుతో" అన్నాడు తండ్రి. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ళలో ఒకటి ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది, బరువంతా మిగతా మూడింటి మీదే. పొయ్యికి మూడు రాళ్ళే ఎందుకు పెడతారో అప్పుడు అర్థమైంది అబ్బాయికి. ఒక్కొక్కటీ 136 కిలోలు ఆపే చక్రాలు వచ్చాయి.

రాయి అన్నాను కదా. గుడ్డు కూర్చునేది నా ఎడమ సగంలో, కింది ఫ్రేము మీద వేసిన రెండు అడ్డపట్టీల పైన, దాని ఇనుప పీట మీద. చుట్టూ గాలి ఆడాలి, కింది గాలి తలుపుకి ఏదీ అడ్డం రాకూడదు. కుడి సగం మీద కూరలు తరుక్కోవడానికి, పళ్ళేలు దించుకోవడానికి ఒక పలక కావాలి. వంటింటి బల్లలకి గ్రానైట్ కోసే షాపులో మిగులు ముక్కలుంటాయంటే ఇద్దరూ వెళ్ళారు. ఒక నల్లరాయి దగ్గర పెద్దాయన ఆగిపోయాడట. నలుపులో బంగారు రవ్వలు. "ఇది మా చీమకుర్తి రాయి కదా!" షాపువాళ్ళు బ్లాక్ గెలాక్సీ అన్నారు. ఒంగోలుకి దగ్గర్లోనే ఉన్న ఆ క్వారీల గేట్లు కొన్ని తను చేసినవేనని, ఆ రాయి లారీల మీద పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూడటమే గానీ ఇంట్లో వేసుకోలేదని చెప్పి, బేరం ఆడకుండా కొనిపించాడు. ఆ రాయికీ నాకూ బాగానే కుదిరింది. దాన్ని నాకు బిగించి కట్టలేదు, నాలుగు చోట్ల సిలికాన్ బొట్లు పెట్టి కూర్చోబెట్టారు. ఎండకి నేను సాగుతాను. ఐదడుగుల ఉక్కు యాభై డిగ్రీలకి ఒక మిల్లీమీటరు లోపే సాగుతుంది, అయినా రాయికి అదీ గిట్టదు.

రంగు దగ్గర మాట తేడా వచ్చింది. కొడుకు వేడికి ఆగే నలుపు తెచ్చాడు. తండ్రి రెడ్ ఆక్సైడ్ లేకుండా రంగేమిటన్నాడు. ముందు పైపు మీది నల్లపొర గీకి, నూనె జిడ్డు తుడిచి, ఎర్ర ప్రైమర్ వేసి, పైన నలుపు వేశారు. అడుగున మాత్రం ఎర్రగానే వదిలేశారు. నలుపు డబ్బా అయిపోయిందని చెబుతారు గానీ, ఇంకో డబ్బా కొనడానికి పావుగంట చాలు. తిరిగి వెళ్ళేముందు పెద్దాయన నా కాళ్ళ చివర, పైపుల కింది ముఖాల్లో, చిన్న చిన్న బెజ్జాలు తొలిచాడు. మూసిన పైపులో తేమ చేరితే పోవడానికి దారి కావాలన్నాడు. కొడుక్కి నచ్చలేదు, పని నీటుగా కనబడదన్నాడు.

గుడ్డును దించిన రోజు లోపలి బొగ్గుతొట్టీ, జల్లెడా, కమ్మీలూ తీసి బరువు తగ్గించి, ఇద్దరు కింద చేతులు పెట్టి ఎత్తారు. నా మీద మోపిన క్షణం నేను ఊగలేదు. పెద్దాయన మళ్ళీ అరచెయ్యి పెట్టి నొక్కి చూశాడు. చప్పుడు లేదు. ఆ సాయంత్రం మొదటి వంట కాల్చిన వంకాయలు, పచ్చడికి. కోడలు మెచ్చుకుంటే "కుంపట్లో కాల్చిన రుచే" అన్నాడు. ఆయనకు అది చివరి వరకూ కుంపటే, గుడ్డు అనలేదు.

జులైలో ఒకసారి అబ్బాయి పిజ్జా వేడి మీద ఉండగా మూత గబుక్కున ఎత్తాడు. గాలి చాలక ఉన్న నిప్పుకి ఒక్కసారిగా ఊపిరి అందితే ఊరుకుంటుందా? మంట మొహం మీదికి లేచింది. ముంజేతి వెంట్రుకలూ, ఒక కనుబొమ్మ సగమూ పోయాయి. అప్పటి నుంచి మూతను ముందు వేలెడు ఎత్తి, కాసేపు ఆగి, తర్వాత తెరుస్తున్నాడు. నాకూ అదే మేలు. గాబరాగా మూత ఎత్తితే బరువంతా వెనక్కి పడుతుంది.

సెప్టెంబరులో పెద్దాయన వెళ్ళిపోయాడు. జనవరిలో వరసగా నాలుగు రోజులు వాన పడింది. ఐదో రోజు ఎండలో నా వెనక కాలి చివర నుంచి ఒక్కో బొట్టూ జారుతుంటే అబ్బాయి వంగి చూసి, కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో ఆ సంగతి చెబితే పెద్దాయన అడిగింది బెజ్జం గురించి కాదు. ఎడమ వెనక మూల అతుకు ఎలా ఉందో చూపించమన్నాడు. అది ఆయన చేతి అతుకు. కొడుకు ముసుగు తీసి తండ్రికి ఇచ్చి పక్కన నిలబడినప్పుడు వేసింది.

చలి. అబ్బాయి తడి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని నా కిందికి పాకాడు. ఎర్రటి ప్రైమర్ మీద వెలుగు పడింది. తెర మీద పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, మొహం దగ్గరికి తెచ్చాడు.

"ఇంకొంచెం పక్కకి జరుపు. ఆ... ఆడే. ఉండు, కదలబాక."