చదవొస్తే లోగో చెడినట్టే

మల్దకల్‌లో చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారు, ఊరి పేరుతో జామెట్రీ లోగో గీసివ్వమని మిమ్మల్ని అడిగారనుకోండి. ముందు ఒక స్కేలు, కంపాసు కొనండి. అక్షరాల వంక మాత్రం తేరిపార చూడకండి, జాలి పుడుతుంది.

మొదట తలకట్లు పీకేయండి. 'ల'కు పుట్టుకతోనే తలకట్టు లేదు. అది హాయిగా బతకడం లేదూ? 'మ'కూ 'క'కూ మాత్రం ఎందుకు? తర్వాత ఒత్తు. 'ల్ద' కింద వేలాడే ఆ ద ఒత్తు మీ చక్కటి చతురస్రాన్ని పాడుచేస్తుంది. కోసేయండి. 1925లో జర్మనీలోని బౌహౌస్ బడిలో హెర్బర్ట్ బాయర్ పెద్దక్షరాలు అక్కర్లేదని తేల్చి, చిన్నక్షరాలతోనే లిపి గీశాడు. మనకు పెద్దక్షరాలు లేవాయె. ఏదో ఒకటి తీసేస్తే తప్ప ఆధునికులం కాలేం గనుక ఒత్తులు తీసేద్దాం. పొల్లూ అంతే. ఊరి పేరిప్పుడు 'మలకల'.

'మ' దగ్గర కాస్త చిక్కుంది. 'వ' పక్కన కొమ్ము ఎక్కడ అంటుకుందన్న దాన్నిబట్టే అది 'మ'నో 'వు'నో తేలుతుంది. అంత సన్నని తేడాతో మీకేం పని? 'వులకల' అని చదివినవాణ్ణి పాతకాలపు మనిషనండి. 'ప'కూ 'వ'కూ కలిపి ఒకే వృత్తం చాలు. అప్పుడు 'ప్రదర్శన' ఒత్తులూడి 'వదరన' అవుతుంది. ప్రారంభోత్సవ ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి అది తప్పేమీ కాదు.

అన్నిటికన్నా ప్రమాదం ఆ పక్కనే నేసే గద్వాల చీర. మగ్గాల వైపు వెళ్లనే వద్దు. అంచు వెంట కోటకొమ్మ త్రికోణాల వరస, నూలు చీరకు పట్టు అంచును కలిపే కుప్పడం నేత, గ్రాఫు కాగితం మీద గడి గడి లెక్కపెట్టి గీసిన బుటా చూశారంటే, మీ కొత్త జామెట్రీ ఈ ప్రాంతంలో ఏనాటినుంచో ఉందని బయటపడుతుంది. వంపును గళ్లలో మెట్లు మెట్లుగా ఎక్కించడం నేతగాళ్లకు తెలుసు. అడిగితే 'మ' తోక ఎక్కడ తిప్పాలో కూడా చెప్పేస్తారు. అప్పుడు ఫీజు పంచాలి. దానికంటే 1923లో వైమార్‌లో జరిగిన బౌహౌస్ ప్రదర్శనకు యోస్ట్ ష్మిట్ వేసిన పోస్టరులోని ఎరుపు, నలుపు రూపాలు దించుకోవడం చవక. ఆయన తన బడి కోసం, తన లిపిలో వేసుకున్నాడన్న సంగతి నిర్వాహకులకు చెప్పకండి.

కంప్యూటర్ తెర నిండా పెద్దది చేసి చూపించి సరే అనిపించుకోండి. కరపత్రం మూలన గోరంత సైజులో ఎలా ఉంటుందో అచ్చయ్యాక చూడొచ్చు. బోర్డులు రాసే పెయింటర్ ఎదురైతే పక్కకు తప్పుకోండి. దూరం నుంచి చదివించడం ఆయన వృత్తి, మీది కాదు. ఊళ్లో తిమ్మప్ప జాతరకు వచ్చిన పెద్దాయన ఫ్లెక్సీ ముందు నిలబడి "ఈడ టైల్స్ దుకాణం పెడుతున్నరా సారూ?" అంటే కళ జనంలోకి వెళ్లిందని సంతోషించండి.

ఆఖరికి నిర్వాహకులు లోగో కింద ఊరి పేరు మామూలు అక్షరాల్లో మళ్లీ రాయమంటారు. బెట్టు చేయకుండా ఒప్పుకోండి. దానికి డబ్బులు విడిగా తీసుకోండి.