నేను రీసెర్చ్ చేశానండీ!

ఒకప్పుడు రీసెర్చ్ చేయాలంటే ఎమ్మే పాసవ్వాలి, గైడు గారింటికి కూరగాయలు మోయాలి, ఐదారేళ్లు లైబ్రరీ దుమ్ము పీల్చాలి. ఇప్పుడా బాధ లేదు. పెళ్లి భోజనంలో సాంబారుకీ పెరుగుకీ మధ్య దొరికే ఖాళీలో రీసెర్చ్ అయిపోతోంది.

ఈమధ్య ఒక పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన రెండో బూరె వేయించుకుంటూ, "షుగరు మాత్ర మానేశానండీ. మెట్‌ఫార్మిన్ కిడ్నీలు తినేస్తుందట" అన్నారు. డాక్టరు గారు మానమన్నారా అని అడిగాను. నావైపు జాలిగా చూశారు. "వాళ్లెందుకు చెబుతారండీ? నేనే రీసెర్చ్ చేశాను" అంటూ ఎడంచేత్తో ఫోను తీసి చూపించారు. ఆయన గూగుల్‌ని అడిగింది ఇదీ: "మెట్‌ఫార్మిన్ వల్ల కిడ్నీలు ఎలా పాడవుతాయి?"

చూశారా? పాడవుతాయా అని కాదు, ఎలా పాడవుతాయి అని. తీర్పు ముందే రాసేసి, తర్వాత సాక్షుల్ని పిలిచారు. వాళ్లూ రాకేం చేస్తారు? ఎర్ర బాణం గుర్తుతో, కిడ్నీ బొమ్మతో, నోరు తెరిచిన యాంకరుతో వీడియోలు వరస కట్టాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు పూర్వం ఊరికొక్కడే ఉండేవాడు. ఇప్పుడు మూడు కాళ్ల కుందేలు అని కొడితే చాలు, ఫొటోలు కూడా వస్తాయి.

ఆ ప్రశ్నలోంచి "పాడవుతాయి" తీసేసి, మెట్‌ఫార్మిన్, కిడ్నీ, మోతాదు అని మూడు ముక్కలు కొట్టి ఉంటే అసలు సంగతి తెలిసేది. ఆ మందు కిడ్నీలను పాడుచేయదు. కాకపోతే ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకని కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిన్నవారికి, అంటే రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవారికి, దాన్ని ఆపేస్తారు. కిడ్నీ జబ్బుంటే మందు ఆపాలన్న మాట తిరగబడి, మందు వేసుకుంటే కిడ్నీ జబ్బు వస్తుందన్న మాటయింది. బూరెల ప్రస్తావన మాత్రం ఆయన రీసెర్చిలో ఎక్కడా తగిలినట్టు లేదు.

ఇక రెండో తెగవారు ఇంత శ్రమ కూడా పడరు. మొదట వచ్చిందే నిజమంటారు. మొదట ఎందుకొచ్చిందయ్యా అంటే, నిజం కాబట్టే వచ్చిందంటారు. దాని నెత్తిన చిన్న అక్షరాల్లో "స్పాన్సర్డ్" అని ఉంటుంది. అది వాళ్ల కంట పడదు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ వెతికేవాడి అవసరం కన్నా ప్రకటనదారు వైపే మొగ్గుతుందని 1998లో ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తమ పరిశోధన పత్రంలో రాశారు. వాళ్ల పేర్లు సెర్గీ బ్రిన్, లారీ పేజ్. గూగుల్ పెట్టింది వాళ్లే. ప్రకటనల దుకాణం తెరిచింది 2000లో.

ఈ తెగకు కస్టమర్ కేర్ నంబరు కావాల్సి వస్తే దొంగల పంట పండినట్టే. బ్యాంకు పేరు, పక్కన "టోల్ ఫ్రీ" అని కొడతారు. పైన కనబడ్డ నంబరుకు ఫోను చేస్తారు. అవతలివాడు "సార్, సార్" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. అసలు బ్యాంకువాళ్లు అంత మర్యాదగా మాట్లాడరన్న అనుమానమైనా రావద్దూ? ఏదో యాప్ వేసుకోమంటాడు, ఓటీపీ చదవమంటాడు, ఇక్కడ ఖాతా ఖాళీ. గూగుల్ మ్యాప్‌లో కనిపించే నంబరైనా అంతే. దాన్ని మార్చమని దారినపోయే దానయ్య కూడా సూచించవచ్చు. 2018లో మహారాష్ట్రలో మోసగాళ్లు బ్యాంకు శాఖల పేర్ల కింద తమ సొంత నంబర్లు పెట్టుకున్నారు. అసలు నంబరేమో మీ పర్సులో ఏటీఎం కార్డు వెనకాలే ఉంటుంది. కానీ పర్సు తీసి చూస్తే రీసెర్చ్ ఎలా అవుతుంది?

ఇప్పుడు ఏఐ వచ్చింది కాబట్టి లింకు నొక్కే పని కూడా తప్పింది. 2024 మేలో గూగుల్ వారి ఏఐ, పిజ్జా మీంచి చీజ్ జారకుండా జిగురు కలపమని ఒకరికి, రోజుకో చిన్న రాయి తినమని మరొకరికి సెలవిచ్చింది. జిగురు సలహా ఎవరో ఆకతాయి చర్చల సైటు రెడిట్‌లో ఎప్పుడో వేసిన జోకు. రాయి సంగతి 'ది ఆనియన్' అనే అమెరికా వ్యంగ్య పత్రికలోది. వ్యంగ్యం రాసుకునేవాళ్ల మాటను వైద్య సలహాగా స్వీకరించడమంటే మా జాతికి ఇంతకన్నా సన్మానమేముంటుంది!

"ఇన్ని చెబుతున్నావు, నువ్వెలా వెతుకుతావేం?" అంటారా? గొప్ప విద్యేం కాదు. ఒక వాక్యం ఉన్నదున్నట్టు కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెడతాను. అక్కర్లేని మాట ముందు మైనస్ తగిలిస్తాను. అడంగల్ లాంటి ప్రభుత్వ కాగితం కావాలంటే "సైట్" అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా "జీవోవీ డాట్ ఇన్" చేరుస్తాను. దాంతో సర్టిఫికెట్లిప్పిస్తామనే దళారీ సైట్లన్నీ పక్కకు తప్పుకుంటాయి. మందుల గురించైతే పేరు ఇంగ్లీషులోనే కొట్టి, బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ పేజీ చూస్తాను. అది చదివి మందు మానను, డాక్టరును ఏమడగాలో రాసుకుంటాను. ఫొటో వస్తే ఆ ఫొటోతోనే వెతుకుతాను. "దీపావళి రాత్రి నాసా తీసిన భారతదేశం" అంటూ ఏటా తిరిగే రంగురంగుల బొమ్మ దీపావళిదీ కాదు, ఒక రాత్రిదీ కాదు. నగరాల వెలుగులు 2003 దాకా ఏళ్ల తరబడి ఎలా పెరిగాయో చూపడానికి అమెరికా శాస్త్రవేత్త ఒకరు ఉపగ్రహాల సమాచారంతో కూర్చిన పటమది. ఆ మాట నాసాయే 2012లో చెప్పింది. ఫ్యామిలీ గ్రూపులో ఈ సంగతి చెప్పి చూడండి, మీకు దేశభక్తి లేదంటారు.

చివరగా ఒక్క విన్నపం. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో దాచుకోండి. డబ్బు పోయాక మళ్లీ దానికోసం రీసెర్చ్ చేయకండి.