వీసా అక్కర్లేదు కదా, ఇంకేం కావాలి అనేవాళ్ల మాట వినకండి

రాజమండ్రి గోకవరం బస్టాండు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడి బ్యాంకాక్ వెళ్తున్నానని చెప్పి చూడండి. నలుగురు నాలుగు సలహాలిస్తారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఒకసారి వెళ్లొచ్చారు, ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి అందరికీ అదే చాలనుకుంటారు. మా వీధిలో ఎవరు విదేశీ ప్రయాణం పెట్టుకున్నా కాగితాలు ఒకసారి నాకు చూపించి వెళ్లడం అలవాటు. అలా నా చెవిన పడ్డ తప్పుడు సలహాలను, అవి ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను.

"వీసా లేదంటే అడిగేవాడు లేడనే కదండీ!"

మిగతా తప్పులన్నీ దీని పిల్లలే. వీసా కావలసిన దేశమైతే మనల్ని అడగాల్సినవన్నీ ముందే అడుగుతారు. కుదరదంటే మనం ఇంట్లో ఉండగానే చెప్పేస్తారు. వీసా అక్కర్లేని చోట అవే ప్రశ్నలు విమానం దిగాక కౌంటరు ముందు ఎదురవుతాయి. ఎన్ని రోజులుంటారు? ఎక్కడ దిగుతారు? తిరుగు టికెట్టేది? ఖర్చుకు డబ్బేది? జవాబు నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు. టికెట్టు కొనిపెట్టిన ఏజెంటు అప్పుడు పక్కన ఉండడు. కాబట్టి తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు రెండూ కాగితం మీద ప్రింటు తీయించుకోండి. ఫోన్‌లో ఉందిగా అనుకోకండి. రాత్రంతా ప్రయాణం చేసి దిగేసరికి చార్జింగు అయిపోయి ఉంటుంది.

"మా తాత ఏ కాగితమూ లేకుండా రంగం వెళ్లొచ్చాడు."

మన వైపు ఈ మాట అనని ఇల్లు తక్కువ. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్లు ఎందరో. బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడిపోయింది. అయితే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. తాతగారు సముద్రం దాటారు గానీ సరిహద్దు దాటలేదు.

"నేపాల్‌కి ఆధార్ చాలండి."

చాలదు. పదిహేనేళ్లు నిండి అరవై అయిదు దాటని వాళ్లకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపించి వెళ్లే వెసులుబాటు పిల్లలకూ పెద్దవాళ్లకే. భూటాన్‌కి కూడా పాస్‌పోర్టో ఓటరు కార్డో పట్టుకెళ్లాలి. పైగా అక్కడ మనవాళ్లు తలకి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

"పాస్‌పోర్టుకి ఇంకా నాలుగు నెలలుందిగా" అని కూడా అంటారు. చాలా దేశాలు ఆరు నెలల గడువు చూస్తాయి. విమానం వాళ్లే ఎక్కనివ్వకపోవచ్చు.

"ఆ ఫారాలవీ అక్కడ దిగాక నింపుకోవచ్చు."

ఒకప్పుడు నిజమే. విమానంలో చిన్న కాగితం ఇచ్చేవాళ్లు, పక్కసీటాయన పెన్ను అడిగి నింపేవాళ్లం. ఇప్పుడు మలేషియాకు 2024 జనవరి 1 నుంచి, థాయ్‌లాండ్‌కు 2025 మే 1 నుంచి రాక కార్డు ఆన్‌లైన్‌లోనే నింపాలి. చేరబోయే తేదీకి ముందు మూడు రోజుల్లో ఆ పని కానివ్వాలి. దీనికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకుని బయటికి వచ్చేయండి.

"మావాడు పోయినేడాది వెళ్లాడు, రూల్సన్నీ వాడికి తెలుసు."

పోయినేటి రూలు ఈ ఏడాది ఉంటుందన్న నమ్మకం లేదు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకు వీసా లేకుండా 30 రోజులిచ్చింది, 2024 జులైలో దాన్ని 60 చేసింది. మలేషియా 2023 డిసెంబరులో మొదలుపెట్టిన సడలింపును 2026 డిసెంబరు 31 దాకా పొడిగించింది. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో 15 రోజులకు వీసా తీసేసి 2025 నవంబరులో మళ్లీ పెట్టింది. ఉద్యోగాలని ఆశపెట్టి మనవాళ్లను అక్కడికి రప్పించి, అపహరించి డబ్బు గుంజే ముఠాలు తయారవడమే అందుకు కారణం. టికెట్టు కొనే రోజు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి ఆ దేశపు రాయబార కార్యాలయం సైటు చూడండి.

"పేరుదేముందండీ, ఒక అక్షరం అటూఇటూ అయినా పట్టించుకోరు."

ఇది మాకే తగిలింది. మా పెద్దమ్మకు మలేషియా టికెట్టు మా తమ్ముడు ఆధార్ కార్డు చూసి బుక్ చేశాడు. అందులో ఇంటిపేరుకు ఒక పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. హైదరాబాద్‌లో చెకిన్ దగ్గర అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి తల అడ్డంగా ఊపింది. గంటన్నర తిరిగి, డబ్బు కట్టి, పేరు దిద్దించుకుని అందరికంటే చివర విమానం ఎక్కారు. పెద్దమ్మ ఆ గంటన్నరా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుందట. తప్పు నాదీ ఉంది. టికెట్టు ఒకసారి చూడమని తమ్ముడు పంపితే తేదీలు చూశాను, పేరు చూడలేదు.

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి. పై వరుసలో దేశం అక్షరాల తర్వాత మొదట ఇంటిపేరు, తర్వాత రెండు బాణాలు, ఆపైన మీ పేరు వస్తాయి. టికెట్టు ఆ వరుస చూసే బుక్ చేయండి. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా పేరు గడిలోనే ఉంటుంది. పేరు ఒక్క మాటగా ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే 2022 నవంబరు నుంచి దుబాయ్ వైపు విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. అలాంటివాళ్లు భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికో, దగ్గర్లో ఉన్న మరో కేంద్రానికో వెళ్లి, ప్రయాణం అనుకోకముందే సరిచేయించుకోవడం మంచిది.

"ఈ చిన్న పొట్లం మా బావమరిదికి ఇచ్చేయండి, పచ్చడే."

మొహమాటపడకండి. మీ ముందు విప్పి, మీ చేత్తో సర్దింది తప్ప ఏదీ తీసుకోవద్దు. మలేషియాలో మాదకద్రవ్యాల రవాణాకు ఉరిశిక్ష దాకా ఉంది. మనం కూరల్లో వేసుకునే గసగసాలు సింగపూర్‌లోనూ దుబాయ్‌లోనూ నిషేధం. పూతరేకులకు భయం లేదు గానీ రొయ్యల పచ్చడి, మాంసం పచ్చడి అనుమతిస్తారో లేదో ముందే కనుక్కోండి.

"వీసా లేదుగా, వెళ్లాక అక్కడే ఏదో పని దొరుకుతుంది."

ఈ ఒక్క సలహా విన్నప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది. వీసా మినహాయింపు చూసి రావడానికి ఇచ్చింది, పనికి కాదు. గడువు దాటితే థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్‌ల చొప్పున 20,000 దాకా జరిమానా. అది చిన్న నష్టం. కంప్యూటర్ ఉద్యోగమని బ్యాంకాక్ రప్పించి, మేసోత్ దగ్గర మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీలో పడేస్తారు. అక్కడ కాపలా మధ్య రాత్రింబవళ్లు ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. 2025 మార్చిలో అలా చిక్కుకున్న 549 మంది భారతీయులను సైనిక విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. అంతకు ముందు ఏడాది మేలో కాంబోడియాకు కుర్రాళ్లను ఇలాగే పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు పట్టుకున్నారు.

కోనసీమలో, పశ్చిమ గోదావరిలో గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లున్న ఊళ్లు ఎన్నో. విజిట్ మీద పంపి ఇంటిపనికి పెట్టిన కథ అక్కడ ఎవరినడిగినా చెప్తారు. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలన్న ముద్ర ఉంటుంది. మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఆ తనిఖీ దేశాల జాబితాలో ఉన్నాయి. ఆ ముద్రను అవమానంగా అనుకుంటారు గానీ అది ఒక రక్షణ. పనికే వెళ్లాలనుకుంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైటులో చూసి, పని వీసా చేతికొచ్చాకే కదలండి. మీకు చూడటం రాకపోతే ఊళ్లో డిగ్రీ చదివే పిల్లనెవరినైనా పిలిచి చూపించమనండి.

ఆ మలేషియా ప్రయాణంలో మా పెద్దమ్మ కౌలాలంపూర్‌లో దిగి, వరుసలో నిలబడి తన వంతు వచ్చేసరికి వెంట వెళ్లిన కొడుకు పక్క కౌంటరులో ఉన్నాడు. ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆవిడకు అర్థమైంది 'డేస్' అన్న ఒక్క మాట. అయిదు వేళ్లు చూపించి, సంచీలోంచి తిరుగు టికెట్టు కాగితం తీసి ముందు పెట్టింది. ఆయన చూసి ముద్ర వేశాడు.