తుపాను తీసేసిన 1990

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా 35 ఏళ్లకు, 2025 మే 9న, కొత్త మెరుగులు దిద్దుకుని త్రీడీలో కూడా మళ్లీ వచ్చింది. చిరంజీవి, శ్రీదేవి, రాఘవేంద్రరావు, ఇళయరాజా అని వరసగా పేర్లు చెప్పి ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూర్చని ఛానల్ లేదు. ఆ తేదీ అభిమానులకు కంఠతా వచ్చు. వచ్చి తీరాలి కూడా, ఎందుకంటే అదే రోజు కృష్ణా తీరాన్ని పెను తుపాను తాకింది. ఊళ్లకు ఊళ్లు మునిగాయి, 900 మందికి పైగా చనిపోయారు, కొట్టుకుపోయిన పశువులు లక్షకు పైమాటే. ఇదంతా మనం పూర్తిగా మరిచిపోయామంటే అన్యాయం. సినిమా కబుర్లలో తుపాను ప్రస్తావన ప్రతిసారీ వస్తుంది: ‘అంత తుపానులోనూ ఆడింది సార్!’ వందల ప్రాణాలు తీసిన విపత్తుకు మన జ్ఞాపకాల్లో దక్కిన వేషం అదీ. హీరోగారి విజయయాత్రలో రెండు సీన్ల అడ్డంకి.

గడిచిన ఏడాదిని పాటలతో, సినిమాలతో, నాటి కబుర్లతో మళ్లీ బతకడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. ‘పోకిరి’, ‘జల్సా’, ‘ఖుషి’ వరసగా మళ్లీ థియేటర్లకెక్కిన 2022 నుంచి హీరోగారి పుట్టినరోజు వచ్చిందంటే ఏదో ఒక పాత సంవత్సరానికి టిక్కెట్లు తెగుతున్నాయి. ఈ వ్యాపారంలో ఒక మెలిక ఉంది. పాటకు హక్కుదారు ఉంటాడు, సినిమాకు నిర్మాత ఉంటాడు, నెగెటివ్ శుభ్రం చేయించడానికి డబ్బు పెట్టేవాడు ఉంటాడు. వార్తకు ఎవడుంటాడు? కాబట్టి ఏడాదిలో అమ్ముడుపోయే భాగమే తిరిగొస్తుంది, తక్కినది గ్రంథాలయం బైండు పుస్తకాల్లో చెదలకు ఆహారమవుతుంది. పాటల్లోనూ ఇదే లెక్క. అదే 1990 ఫిబ్రవరిలో, అజ్ఞాతం నుంచి బయటికొచ్చిన విప్లవ గాయకుడు గద్దర్ హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. ఏ లెక్కన చూసినా ఆ ఏడాది తెలుగునాట అతిపెద్ద సంగీత కచేరీ అదే అయి ఉండాలి. 1990 సంగీతం పేరుతో ఇప్పుడు వచ్చే కార్యక్రమాల్లో గొంగళి, కర్ర, గజ్జెలు ఎక్కడైనా కనిపించాయా? దానికి త్రీడీ కళ్లజోడు కుదరదు మరి.

‘అదంతా సరే, అప్పుడు మనుషులు ప్రశాంతంగా ఉండేవారు, రోడ్లు ఖాళీగా ఉండేవి’ అంటారు. నిజమే, ఉండేవి. జూన్ దాకా ఆదివారం ఉదయాలు దూరదర్శన్‌లో మహాభారతం వస్తుంది కాబట్టి. డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు కాబట్టి. ఆ మతకల్లోలాల్లో వంద మందికి పైగా పోయారు, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి కుర్చీ పోయి జనార్దనరెడ్డి వచ్చారు. ఈ రెండు ఖాళీల మధ్య నెలలు కూడా ఊరుకోలేదు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి పొట్టకూటికి వెళ్లినవాళ్లు కట్టుబట్టలతో ఎడారి దాటి జోర్డాన్ చేరుకుని, అమ్మాన్‌లో విమానం కోసం పడిగాపులు పడ్డారు. అలా మొత్తం లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను ఎయిరిండియా తెచ్చింది. ఆగస్టు 7న ప్రధాని వి.పి.సింగ్ వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లపై మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నారు. కాలేజీలు మూతపడ్డాయి, బస్సుల అద్దాలు పగిలాయి. ‘మా కాలేజీ రోజులు’ అని ఇప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటున్న బ్యాచ్‌లో చాలామందికి ఆ రోజుల్లో కాలేజీయే లేదు. సెప్టెంబరులో సోమనాథ్ నుంచి అయోధ్యకని అద్వానీ రథం కదిలింది, అక్టోబరులో సమస్తిపూర్‌లో ఆగింది, నవంబరులో ఢిల్లీలో ప్రభుత్వం కూలింది. ప్రశాంతత ఏ నెల్లో దిగిందో ఆ నిట్టూర్పుగాళ్లే చెప్పాలి. పదిహేనేళ్ల వయసులో జేబులో రూపాయి లేకపోయినా లోకం ప్రశాంతంగానే ఉంటుంది. ఆ గొప్ప వయసుది, పుణ్యం సంవత్సరానిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని నవ్వి దాటేయలేం. సినిమాకు వచ్చేది కాసేపు కష్టాలు మరవడానికి, అక్కడ కూడా శవాల లెక్క చదవాలా? తుపానులో ఇల్లు పోయినవాడు కూడా నెల తిరక్కుండా అదే సినిమాకు వెళ్లి ఉంటాడు కదా, ఆ సంతోషం మాత్రం చరిత్ర కాదా? ముమ్మాటికీ చరిత్రే. అందుకే చెప్పేది: ఆ సంతోషం విలువ తెలియాలంటే ఆ వాన ఉండాలి. బయట కరెంటు స్తంభాలు కూలిన ఊళ్లో దేవకన్య మానససరోవరానికి దిగిరావడం వేరు, ఏసీ మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ బకెట్ పక్కన దిగిరావడం వేరు. వాన తీసేసి పాట ఒక్కటే దాచుకోవడమంటే ఊరగాయలో ముక్క పారేసి నూనె నాకడమే. పైగా ఈ జ్ఞాపకం సినిమా హాల్లోనే ఉండిపోతే పేచీ లేదు. అది అక్కణ్ణుంచి బయటికొచ్చి తీర్పులు చెబుతుంది. ఇప్పటి పిల్లలకు విలువలు లేవు, ఇప్పటి రాజకీయాలు చెడ్డవి, ఇప్పటి పాటలు చెత్త అని సాక్ష్యమిస్తుంది. సాక్షి బోనెక్కాక అడ్డుప్రశ్నలు తప్పవు.

ఆ ఏడాదిలో నిజంగా మురిసిపోవాల్సినది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ మళ్లీ విడుదల చేయరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పది వేలకు పైనే. పదమూడేళ్ల తర్వాత అదే తీరానికి అంతే భయంకరమైన తుపాను వస్తే మృతులు వెయ్యి దాటలేదు. ఇన్సాట్ చిత్రాలు, రాడార్లు ముందే పసిగట్టాయి. రేడియో, టీవీ హెచ్చరించాయి. రెవెన్యూ సిబ్బంది, పోలీసులు గడప గడపకూ తిరిగి, బతిమాలి, కసిరి, లక్షన్నర మంది దాకా జనం చేత ఊళ్లు ఖాళీ చేయించారు. దివిసీమ తర్వాత కట్టిన తుపాను ఆశ్రయాల్లో తల దాచుకున్నవాళ్లున్నారు. నా లెక్కన 1990లో అసలు బ్లాక్‌బస్టర్ ఇదే. కానీ దీనికి డ్యూయెట్ లేదు. మంచం దిగనని మొండికేసిన ముసలాయన్ను భుజాన వేసుకుని ఆశ్రయం మెట్లెక్కిన తలారికి కటౌట్ కట్టేవాడెవడు?

కనుక నిర్వాహకులకు ఒక విన్నపం. 1990ని అమ్మదలిస్తే సరుకు నిండుగా అమ్మండి. ఇంటర్వెల్లో గంట సేపు కరెంటు తీసేయండి. టిక్కెట్లు కౌంటర్లో అయిపోయాయని చెప్పి గేటు పక్కన బ్లాకులో అమ్మించండి. హాలు నుంచి ఇంటికి ఫోన్ చేయాలంటే ఎస్టీడీ బూత్ ముందు క్యూ కట్టించండి, ఇంట్లో ఫోన్ కావాలన్నవాడి చేత దరఖాస్తు పెట్టించి కొన్నేళ్లు ఆగమనండి. సినిమాకు ముందు ఆ ఏడాది వార్తలు ఒక పది నిమిషాలు వేయండి, నాలుగు నిమిషాలు తుపానుకు కేటాయించండి. ఈలలు వేసేవాళ్లు వేస్తారు, టిక్కెట్ డబ్బు వెనక్కి అడిగేవాళ్లు అడుగుతారు.

పాఠకులకు పని ఇంకా తేలిక. ‘1990లో ఎంత హాయిగా ఉండేదో’ అని ఎవరైనా మొదలుపెడితే అడ్డు చెప్పకండి, పాట కూడా పాడనివ్వండి. పాట అయ్యాక ఏ నెల్లో, ఏ ఊళ్లో అని మాత్రం అడగండి.